బేస్‌మెంట్ చెమ్మకి డీహ్యూమిడిఫయర్: మూడు మిషన్లు కొన్నాక తెలిసిన సంగతులు

మా ఇంట్లో చెమ్మ సంగతి మొదట బయటపెట్టింది క్యారమ్ బోర్డు. న్యూజెర్సీలో జులై నెల, శనివారం సాయంత్రం. నాలుగు కుటుంబాలం కలిశాం. మగవాళ్ళు, పిల్లలు కింద బేస్‌మెంట్లో బోర్డు చుట్టూ చేరారు. పది నిమిషాలకే పైకి ఫిర్యాదు వచ్చింది, స్ట్రయికర్ కదలడం లేదని. దిగి చూస్తే చల్లిన బోరిక్ పౌడర్ అంతా ముద్దకట్టి, చపాతీలు ఒత్తిన పీటలా తయారైంది బోర్డు. ఒక మూల పైకి లేచింది కూడా. పాత బోర్డు కదా అనుకుని ఊరుకున్నాం.

మూడు వారాల తర్వాత వరలక్ష్మీ వ్రతానికి కట్టుకుందామని బేస్‌మెంట్ క్లోజెట్లో ఉన్న సూట్‌కేసు తెరిచాను. ముందు వాసన తగిలింది. ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీస్తే వచ్చే వాసన. నా పెళ్ళినాటి మెరూన్ కంచిపట్టు మీద మడత పొడుగునా పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు. మెత్తటి గుడ్డతో తుడిస్తే బూజు పోయింది గానీ, అంచు పక్కన రంగు వెలిసిన మరక మాత్రం ఇప్పటికీ ఉంది.

గాలిలోని తేమని నీళ్ళుగా పట్టే డీహ్యూమిడిఫయర్ల కోసం ఆ రాత్రి మొదలైన కొనుగోళ్ళు మూడో మిషన్‌తో గానీ ఆగలేదు. మొదటి రెండూ డబ్బు దండగ. షాపులో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసేవన్నీ చదివే కొన్నాం. తీరా చూస్తే దాని మీద రాయని రెండు విషయాల దగ్గరే అంతా ఉంది. చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోంది? మిషన్ పట్టిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఈ రెండూ తేలితే ఏ బ్రాండ్, ఎన్ని పింట్లు (రోజుకి పట్టే నీళ్ళ కొలత, పింటంటే దాదాపు అర లీటరు) అన్నది పావుగంట పని.

ముందు కొనాల్సింది మిషన్ కాదు, మీటరు

తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ మీటరు పది, పన్నెండు డాలర్లకు దొరుకుతుంది. రెండు కొనండి. ఒకటి బేస్‌మెంట్ మధ్యలో, ఒకటి బయటి గోడకు దగ్గరగా, వీలైతే క్లోజెట్ లోపల పెట్టండి. వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసి రాసుకోండి. ఇంట్లో తేమ 60 శాతం లోపే ఉండాలని, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మా క్లోజెట్లో మొదటిరోజే 78 చూపించింది. మీకు 52, 55 మధ్య ఆడుతుంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి ఒక ఫ్యాన్ పెట్టుకోండి, చాలు.

రెండో పరీక్షకు వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ సరిపోతుంది. అడుగు చదరం ముక్క కోసి కాంక్రీటు గోడకి నాలుగు వైపులా గాలి దూరకుండా టేప్ వేయండి. నేల మీద ఇంకో ముక్క. రెండు రోజులు ఆగి చూడండి. ఫాయిల్ పైన, అంటే గదివైపు తడి ఉంటే అది గాలిలోని తేమ. దానికి డీహ్యూమిడిఫయర్ సరైన మందు. ఫాయిల్ తీస్తే వెనక, గోడవైపు తడి ఉంటే నీళ్ళు మట్టిలోంచి గోడ గుండా వస్తున్నట్టు. గోడ మీద ఉప్పు పూసినట్టు తెల్లటి పొడి రాలుతున్నా అదే అర్థం. అప్పుడు మిషన్ పెడితే ఒకపక్క తోడుతూనే ఉంటుంది, ఇంకోపక్క ఊరుతూనే ఉంటుంది.

మా ఇంట్లో రెండు ముక్కలూ రెండు రకాలుగా చెప్పాయి. నేల మీది ఫాయిల్‌కి పైన తడి. ఉత్తరపు గోడ మీద మాత్రం వెనక తడి. వాన పడుతుండగా గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరిగితే కారణం కళ్ళముందే కనపడింది. కప్పు మీది వాన నీళ్ళు గట్టర్లోంచి దింపే గొట్టం సరిగ్గా ఆ గోడ మొదట్లోనే నీళ్ళు గుమ్మరిస్తోంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే సుమారు 620 గ్యాలన్ల నీళ్ళు. అందులో సగం అక్కడే ఇంకుతుంటే గోడ మాత్రం ఏం చేస్తుంది? గొట్టం చివర ఆరడుగుల పొడిగింపు తగిలించాం, 15 డాలర్లు. గోడ పక్కన పల్లంగా ఉన్నచోట మట్టి పోసి, నీళ్ళు ఇంటికి దూరంగా పారేలా వాలు పెట్టాం. పది అడుగుల దూరంలో ఆరంగుళాల వాలు ఉండాలన్నది ఇక్కడి లెక్క. ఆ రెండు పనులకే క్లోజెట్ మీటరు 78 నుంచి 70కి దిగింది, ఇంకా ఏ మిషనూ పెట్టకుండానే.

వాన వచ్చినప్పుడల్లా నేల మీద నీళ్ళు నిలిచే బేస్‌మెంట్ అయితే డీహ్యూమిడిఫయర్ ఊసే ఎత్తకండి. ముందు సంప్ పంపు (నేలలోని గుంటలో చేరిన నీళ్ళని బయటికి తోడేది), డ్రెయిన్, వాటర్‌ప్రూఫింగ్ సంగతి చూడాలి. అది వేరే ఖర్చు, వేరే తలనొప్పి.

కిటికీలు తెరిస్తే పోతుందిగా?

ఆ వేసవిలో మా అత్తయ్య కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. బేస్‌మెంట్లోని గెస్ట్ రూమే ఆవిడకి ఇచ్చాం. రెండోరోజే అన్నారు, "ఆ కిటికీలు తెరిచిపెట్టమ్మా, నాలుగు రోజులు గాలి ఆడితే చెమ్మ అదే ఆరిపోతుంది." మన ఇళ్ళల్లో పుట్టి పెరిగిన ఎవరైనా అదే అంటారు. నేనూ అదే అనుకున్నాను. తెరిచాం. మీటరు ఇంకా పైకి పోయింది.

కారణం ఇదీ. బయట 85 డిగ్రీల (ఇక్కడ అన్నీ ఫారన్‌హీట్ లెక్కే) ఎండ, 60 శాతం తేమ అనుకోండి. ఆ గాలి భూమిలో సగం పూడి ఉన్న బేస్‌మెంట్లోకి దిగి 68 డిగ్రీలకు చల్లబడిందంటే, అప్పటిదాకా మోసిన తేమ ఇక మోయలేదు. చల్లటి గోడ మీద, నేల మీద వదిలేస్తుంది. ఐసు ముక్కలు వేసిన మజ్జిగ గ్లాసుకి బయట చెమట పట్టినట్టే గోడకి పడుతుంది. కాకినాడలో గోడలు గాలి అంత వెచ్చగానే ఉంటాయి కాబట్టి కిటికీ పనిచేస్తుంది. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బేస్‌మెంట్ కిటికీ తెరవడమంటే చెమ్మని బొట్టుపెట్టి పిలవడమే. ఈ సంగతి అత్తయ్యకి మీటరు చూపించి చెబితే, "అయితే మూసెయ్యి, నాకెందుకు" అన్నారు.

మూడు మిషన్ల కథ

మొదటిది మా ఆయన ఆ రాత్రే ఫోన్లో ఆర్డర్ పెట్టింది. 45 డాలర్లు, మరచెంబు కంటే కాస్త పెద్దది, నీలం లైటు. ఇవి పెల్టియర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పలకతో చల్లబరుస్తాయి. చప్పుడు ఉండదు, కరెంటూ తక్కువే, నీళ్ళూ తక్కువే. రోజంతా నడిస్తే టీ గ్లాసుడు నీళ్ళు పట్టింది. పొడుగాటి పేర్లతో, వేల కొద్దీ మెచ్చుకోళ్ళతో ఆన్‌లైన్‌లో కనపడే చవక మిషన్లలో చాలావరకు ఇవే. బాత్‌రూమ్ అలమరాకో, బీరువాకో పనికొస్తాయి. బేస్‌మెంట్‌కి పెట్టడం చెరువు ఎండగట్టడానికి చెంబు పట్టుకెళ్ళడమే. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ గుళికల డబ్బాలదీ ఇదే సంగతి. సూట్‌కేసుల పక్కన పెట్టుకోండి, గదిని అవి ఆరబెట్టలేవు.

రెండోది పెద్ద షాపులో కొన్న కంప్రెసర్ మిషన్. ఫ్రిజ్, ఏసీ పనిచేసే పద్ధతే. చల్లటి గొట్టాల మీదుగా గాలిని లాగి, తేమని నీళ్ళుగా మార్చి, ఆ గాలినే వేడి గొట్టాల మీదుగా బయటికి వదులుతుంది. అంచేత గది కొంచెం వెచ్చబడుతుంది, అది మామూలే. అమెరికాలో బేస్‌మెంట్‌కి నూటికి తొంభై ఇళ్ళలో కావలసింది ఈ రకమే అని నా అభిప్రాయం. మేం రకంలో తప్పు చేయలేదు, సైజులో చేశాం. చవకగా ఉందని 22 పింట్లది తెచ్చాం. పన్నెండు వందల చదరపు అడుగుల బేస్‌మెంట్లో అది రాత్రీ పగలూ ఆగకుండా ఊదింది. మీటరు 64 దగ్గరే మొరాయించింది.

మూడోది 50 పింట్లది. నాలుగు రోజుల్లో 50 శాతానికి తెచ్చింది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇంకో రకం డెసికెంట్. లోపల తేమ పీల్చే పదార్థంతో చేసిన చక్రం తిరుగుతుంటుంది, హీటరుతో దాన్ని ఆరబెడుతుంటుంది. చలిలో కూడా బాగా పనిచేయడం దీని గొప్ప. కంప్రెసర్ మిషన్ గది 65 డిగ్రీల కంటే చల్లగా ఉంటే మందగిస్తుంది, గొట్టాల మీద మంచు పేరుకుంటుంది. కానీ డెసికెంట్ కరెంటు ఎక్కువ తాగుతుంది, గదిని బాగా వేడెక్కిస్తుంది. బ్రిటన్‌లో, జపాన్‌లో వీటిని బాగా వాడతారు. లండన్ దగ్గర ఉండే మా చెల్లి శీతాకాలం బట్టలు ఆరడానికి దీన్నే పెట్టుకుంటుంది. అక్కడి చలిగదులకు అది సబబే. మన బేస్‌మెంట్ వేసవిలో కూడా 60 డిగ్రీలు దాటకపోతే, దీనికంటే ముందు తక్కువ ఉష్ణోగ్రతలో పనిచేసే కంప్రెసర్ మోడళ్ళు చూడండి. వాటిలో మంచు కరిగించుకునే ఆటో డీఫ్రాస్ట్ ఉంటుంది, 41 డిగ్రీల దాకా నడుస్తాయని రాసి ఉంటుంది.

ఇక బరువైన, ఒకచోట బిగించే మిషన్లు. శాంటా ఫే, ఏప్రిల్ఎయిర్ లాంటివి. ఈ రెండు పేర్లకూ సొంతూరు ఒకటే, విస్కాన్సిన్‌లోని మాడిసన్. ధర వెయ్యి డాలర్ల పైమాటే. బకెట్టే ఉండదు, నేరుగా పైపే. బేస్‌మెంట్ పెద్దదై, పూర్తిగా ఫినిష్ చేసి హోమ్ థియేటర్, పూజగది అన్నీ అక్కడే పెట్టుకుని, ఆ ఇంట్లో ఇంకో పదేళ్ళు ఉంటామనుకునేవాళ్ళకి వీటిమీద పెట్టిన డబ్బు వృథా కాదు. రెండు, మూడేళ్ళలో ఇల్లు మారే ఆలోచన ఉంటే మాత్రం వద్దు.

పింట్ల లెక్కలో ఒక మెలిక

డబ్బా మీది నంబరు మిషన్ రోజుకి ఎన్ని పింట్ల నీళ్ళు పడుతుందో చెబుతుంది. బకెట్ సైజు కాదది. చాలామంది అక్కడే పొరపడతారు. ఇంకో మెలిక ఉంది. 2019 జూన్ దాకా ఈ పరీక్ష 80 డిగ్రీల వెచ్చటి గదిలో చేసేవారు. బేస్‌మెంట్ ఎక్కడైనా 80 ఉంటుందా? అందుకని అమెరికా ఇంధన శాఖ ఆ పరీక్షని 65 డిగ్రీలకు మార్చింది. చల్లటి గాలిలో తేమ తక్కువ కాబట్టి అదే మిషన్‌కి చిన్న నంబరు వచ్చింది. పాత లెక్కలో 30, 50, 70 పింట్లు అన్నవి కొత్త లెక్కలో దాదాపు 22, 35, 50 అయ్యాయి.

దీనివల్ల ఒరిగేదేమిటంటే, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ "70 పింట్లది, మీది 50యే కదా" అని పాత మిషన్ అమ్మజూపితే అది మీ కొత్త 50 లాంటిదే, పెద్దదేం కాదు. బిగించే రకం మిషన్లకి కొన్ని కంపెనీలు ఇప్పటికీ 80 డిగ్రీల లెక్కే రాస్తుంటాయి. నంబరు పక్కన ఉష్ణోగ్రత ఎంత రాశారో చూసి పోల్చండి.

సెకండ్ హ్యాండ్‌లో ఇంతకంటే పెద్ద టెన్షన్ మంటలు. 2013లో గ్రీ కంపెనీ తయారీ డీహ్యూమిడిఫయర్లు, 2021లో న్యూ వైడ్‌టెక్ తయారీవి, నిప్పంటుకునే ప్రమాదం ఉందని రీకాల్ చేశారు, అంటే అమ్మినవాటిని వెనక్కి పిలిచారు. రెండుసార్లూ సుమారు ఇరవై లక్షలు, ఆపైన. అవన్నీ ఒకే పేరుతో అమ్మినవి కావు, షాపుల్లో పది పేర్లతో ఉండేవి. మిషన్ వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరుని కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ సైట్లో కొట్టి చూడకుండా పాతది ఇంట్లోకి తేవద్దు. ఆల్రెడీ బేస్‌మెంట్లో పాతది నడుస్తుంటే ఈరోజే చూడండి.

మరి ఏ సైజు? ఐదారు వందల చదరపు అడుగులు, మీటరు 60, 65 మధ్య అయితే 35 చాలు. వెయ్యి దాటినా, మీటరు 70 దాటినా కళ్ళుమూసుకుని 50 తీసుకోండి. 35కీ 50కీ ధర తేడా సాధారణంగా నలభై, యాభై డాలర్లే. పెద్దది కొంటే కరెంటు ఎక్కువ కాలుతుందనే భయం మా ఆయనకీ ఉండేది, అందుకే 22 తెచ్చారు. నిజానికి లెక్క తిరగబడుతుంది. కరెంటు పొదుపు చేసే మిషన్లకి ఇచ్చే ఎనర్జీ స్టార్ గుర్తు కావాలంటే 25 పింట్ల లోపు మిషన్ ఒక యూనిట్ కరెంటుకి 1.57 లీటర్ల నీళ్ళు తీస్తే సరిపోతుంది. 25 నుంచి 50 పింట్ల వాటికి 1.80 లీటర్లు తీయాలి. అంటే చిన్నది అదే నీళ్ళకి ఎక్కువ కరెంటు తీసుకోవచ్చు. పైగా పెద్దది పని ముగించి ఆగిపోతుంది, చిన్నదానికి పని ముగియనే ముగియదు.

బిల్లు సంగతి కూడా చెప్పేస్తాను. 50 పింట్లంటే దాదాపు 23.7 లీటర్లు. 1.80తో భాగిస్తే రోజుకి 13 యూనిట్లు. యూనిట్ 18 సెంట్లు అనుకుంటే రోజుకి రెండుంబావు డాలర్ల పైచిలుకు, నెలంతా ఆగకుండా నడిస్తే 70. అది మొదటి వారం పరిస్థితి. గది ఒకసారి ఆరాక మాకు నెలకి అందులో సగం కూడా పడటం లేదు. కొన్నిచోట్ల కరెంటు కంపెనీలే ఎనర్జీ స్టార్ మిషన్‌కి రిబేట్ ఇస్తాయి. కొనేముందు వాళ్ళ సైట్ ఒకసారి చూడండి, రసీదు పారేయకండి.

పట్టిన నీళ్ళు ఎక్కడికి?

అసలు కథ ఇక్కడుంది. 50 పింట్లంటే ఆరు గ్యాలన్ల పైన. మామూలు మిషన్లో బకెట్ ఒకటిన్నర, రెండు గ్యాలన్లు పడుతుంది. అంటే జోరు వేసవిలో రోజుకి మూడు, నాలుగుసార్లు కిందికి దిగి, నిండు బకెట్ తొణక్కుండా ఎత్తి, సింకు దాకా మోసి పారబోయాలి. మొదటి నాలుగు రోజులు సరదాగా ఉంటుంది, "అబ్బో, గాలిలో ఇన్ని నీళ్ళా" అని. ఐదోరోజు నుంచి ఆ పని ఎవరిదనే పోట్లాట మొదలవుతుంది. బకెట్ నిండగానే మిషన్ తనంతట తానే ఆగిపోతుంది, ఎవరూ వెళ్ళకపోతే చెమ్మ మళ్ళీ ఎక్కుతుంది.

ఆ మరుసటి వేసవి మూడు వారాలు ఇండియా వెళ్ళాం. మిషన్ ఆన్‌లోనే పెట్టి వెళ్ళామని గొప్ప ధీమా. బయల్దేరిన రోజు సాయంత్రానికే బకెట్ నిండి ఉంటుంది. తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఆ ముక్క వాసన మెట్లెక్కి హాల్లోకి వచ్చి ఎదురొచ్చింది. సోఫా వెనక గోడకి బూజు. మిషన్ మీద ఎర్రలైటు మిణుకుమిణుకుమంటూ, మూడు వారాలుగా మమ్మల్నే పిలుస్తున్నట్టు.

అందుకే మిషన్ కొనేముందు కొలిచే టేపు తీసుకుని బేస్‌మెంట్లోకి దిగండి. నీళ్ళు వదలడానికి ఏముంది అక్కడ? నేలలో డ్రెయిన్ ఉందా, సంప్ గుంట ఉందా, వాషింగ్ మెషిన్ పక్కన సింకు ఉందా? మిషన్ పెట్టాలనుకున్న చోటికి అది ఎన్ని అడుగుల దూరం, ఎంత ఎత్తు?

డ్రెయినో, సంపో ఉంటే అదృష్టవంతులు. మామూలు హోస్ చాలు, నీళ్ళు వాటంతట అవే పల్లానికి దిగుతాయి. హోస్ మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, చుట్ట చుట్టుకోకూడదు. లేచినచోట నీళ్ళు నిలిచి వెనక్కి తన్ని బకెట్లోకే పోతాయి, మనం పైపు పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటాం. మేం మిషన్ కింద రెండు సిమెంటు దిమ్మెలు పెట్టి ఎత్తు చేశాం, సంప్ దాకా చక్కటి వాలు వచ్చింది. మోడల్‌ని బట్టి మామూలు తోట పైపు సరిపోతుందా, వేరే సన్న పైపు కావాలా అన్నది షాపులోనే చూసుకోండి. రేడాన్ గొట్టం (నేలలోంచి వచ్చే రేడాన్ అనే హానికరమైన వాయువుని బయటికి పంపేది) పెట్టిన ఇళ్ళలో సంప్ మూతకి సీలు వేసి ఉంటుంది. హోస్ కోసం దాన్ని మీరే కోసేయకండి, రేడాన్ గొట్టం పెట్టినవాళ్ళనే అడగండి.

సింకు మాత్రమే ఉంటే చిక్కు. సింకు అంచు దాదాపు మూడడుగుల ఎత్తు, మిషన్ వెనక నీళ్ళు దిగే రంధ్రం దానికంటే చాలా కింద. నీళ్ళు పైకి ఎక్కవుగా. అప్పుడు లోపలే పంపు ఉన్న మోడల్ తీసుకోవాలి, దానికి యాభై నుంచి ఎనభై డాలర్లు ఎక్కువ. లేదంటే పంపు లేని మిషన్ కొని, పట్టిన నీళ్ళని పైకి తోసే చిన్న కండెన్సేట్ పంపు పక్కన విడిగా పెట్టుకోవచ్చు. నా ఓటు విడి పంపుకే. లోపలి పంపు చెడితే వారంటీ దాటిన మిషన్ విప్పేవాడు దొరకడు, విడి పంపు చెడితే అదొక్కటే మారుస్తాం. అత్తమామలు, వచ్చే పోయే చుట్టాలు పడుకునే గది అయితే మాత్రం పంపు గురగుర అర్ధరాత్రి వినిపిస్తుందని గుర్తుంచుకోండి.

ఈ మూడూ లేని బేస్‌మెంట్ అయితే పెద్ద బకెట్ ఉన్న మోడల్ చూడండి. మిడియా క్యూబ్ లాంటివి కింది భాగమే పెద్ద తొట్టిలా ఉండి నాలుగు గ్యాలన్ల దాకా పడతాయి. రోజుకి ఒకటి, రెండుసార్లతో పోతుంది. కానీ నాలుగు గ్యాలన్లు దాదాపు పదిహేను కిలోల బరువు, నడుమునొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి.

ఆ నీళ్ళు తేటగా ఉంటాయి గానీ తాగడానికి కాదు. మా అత్తయ్య తులసికి పోస్తానన్నారు. లోహపు గొట్టాల మీదుగా దిగి, బకెట్లో పాచిపట్టిన నీళ్ళని చెప్పి ఆపాను.

బ్రాండ్ల గురించి రెండు ముక్కలు

షాపులో కనపడే పోర్టబుల్ మిషన్లలో చాలావరకు చైనాలోని కొద్ది ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి, మీద అంటించే పేర్లు వేరు. కాబట్టి మిడియానా, ఫ్రిజిడేరా అని రాత్రంతా కూర్చుని రివ్యూలు చదవడం కంటే, ఏ షాపు తిరిగి తీసుకుంటుంది, వారంటీ ఎన్నాళ్ళు అన్నది చూడటం మేలు. చాలావాటికి వారంటీ ఏడాదే. ఐదారేళ్ళు నడిస్తే బాగా నడిచినట్టే అనుకోండి. వైఫై, యాప్ కోసం ప్రత్యేకంగా ముప్ఫై డాలర్లు పెట్టక్కర్లేదు. కరెంటు పోయి వచ్చాక పాత సెట్టింగ్‌తో తనే మొదలయ్యే ఆటో రీస్టార్ట్ మాత్రం తప్పకుండా ఉండాలి. వేసవి ఉరుముల వానలకి ఇక్కడ కరెంటు పోతూనే ఉంటుందిగా.

ఇండియా వెళ్ళేటప్పుడు ఒకటి పట్టుకెళ్ళమని వైజాగ్‌లో ఉండే మా పిన్ని అడిగింది. ఇక్కడి మిషన్ 120 వోల్టులది, అక్కడ 230, పెట్టగానే కాలుతుంది. అయినా వాళ్ళ బీరువా చెమ్మకి పడగ్గది ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి, బీరువా తలుపు గంట తెరిచి ఉంచితే చాలన్నాను. పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి నూలు గుడ్డలో చుట్టమన్నాను. ఆ చివరి ముక్క నాకు నా చీర నేర్పింది.

కొత్తగా కట్టిన ఇల్లు కొన్నవాళ్ళు చెమ్మ చూసి బిల్డర్‌తో గొడవకి దిగేముందు ఒకటి తెలుసుకోండి. కొత్త కాంక్రీటు తనలోని నీళ్ళు వదలడానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. అప్పటిదాకా పోర్టబుల్ మిషన్‌తో గడిపేసి, మూడో వేసవిలో మీటరు చూసి పెద్ద ఖర్చు సంగతి ఆలోచించండి. అద్దె టౌన్‌హౌస్ అయితే ముందు ఓనర్‌కి మీటరు ఫొటో పంపండి. గోడలోంచి వచ్చే నీళ్ళు మీ ఖర్చు కాదు.

పెట్టాక

మిషన్ డబ్బాలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టి ఒకరోజు ఆగి ప్లగ్ పెట్టండి, కంప్రెసర్‌లోని నూనె మళ్ళీ కిందికి దిగాలి. ఎక్స్‌టెన్షన్ తాడు వద్దు, నేరుగా గోడ ప్లగ్గే. చుట్టూ అడుగు ఖాళీ వదలండి. గది మధ్యలో ఉంటే మంచిది, క్లోజెట్ తలుపులు తెరిచి ఉంచాలి, లేకపోతే చీరలు ఉన్నచోట చెమ్మ అలాగే ఉంటుంది. సెట్టింగ్ 50 పెట్టండి. 35 పెడితే మిషన్ ఊపిరాడకుండా నడుస్తుంది, బిల్లు తప్ప ఏమీ మారదు. మిషన్ మీది అంకె ఆ మూలది మాత్రమే, దూరంగా పెట్టిన మీ మీటరునే నమ్మండి. మాకు రెండింటికీ ఎప్పుడూ ఐదారు తేడా.

రెండు వారాలకోసారి వెనక ఫిల్టర్ తీసి కుళాయి కింద కడుగుతాను. పెరుగు మీది మీగడంత మందాన దుమ్ము. నవంబర్‌లో హీటింగ్ మొదలయ్యాక గాలి దానంతట అదే పొడిబారుతుంది, అప్పుడు ఆపేసి, బకెట్ తోమి ఆరబెట్టి, హోస్‌లో నీళ్ళు వంచేసి, నిలబెట్టే ఓ మూల ఉంచుతాం. ఏప్రిల్ ఆఖరులో మీటరు 55 దాటిన రోజు మళ్ళీ ప్లగ్ పెడతాం.